కోళ్ల షెడ్డులో పుట్టిన నాణేలు

మా కోళ్ల షెడ్డును తమ్ముడికి ఇచ్చింది నేనే. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఈ మాట ముందే రాసుకోకపోతే, రాస్తూ పోయేకొద్దీ తప్పును కొంచెం కొంచెంగా వాడి మీదికి జరిపేస్తానని నా భయం.

మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ నీళ్లు చూసి ఇక్కడ భూమి కొన్నాడు. బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే దారిలో మాలాంటి వాళ్ల ఇళ్లున్న చోటును ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. నేను పుట్టింది అక్కడే. ఇంట్లో ఒక యాస, బడిలో ఒక యాస మాట్లాడుతూ పెరిగాను. నాన్న పోయాక పంపకాల్లో నాకు రెండెకరాల మడి, దాని గట్టున నాన్న కట్టించిన కోళ్ల షెడ్డు వచ్చాయి. మాది కాలువ చిట్టచివర. నీళ్లు మా దాకా వచ్చిన ఏడాది వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే బోరు వేయించాం. ఆ బోరు మోటారుకు, చుట్టుపక్కల మరో తొమ్మిది మోటార్లకు కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్.

నేను వ్యవసాయం చేయలేదు. బాన్సువాడలోనే కాపురం, బాన్సువాడలోనే బ్యాంకులో ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లు క్యాష్ కౌంటర్ వెనక కూర్చున్నాను. నోటు చేతికి తగలగానే అది ఏ ఇంటి నుంచి వచ్చిందో చాలాసార్లు చెప్పగలిగేదాన్ని. పసుపు అంటిన నోటు, చేపల వాసన నోటు, చెమటకు మెత్తబడి గుడ్డలా వేలాడే నోటు. చిరిగినవి, మాసినవి విడిగా కట్టి పైకి పంపించేవాళ్లం. వాటిని అక్కడ ముక్కలు ముక్కలుగా కోసేసి ఇటుకల్లా అదిమేస్తారని మొదటిసారి విన్నప్పుడు నాకు కొంచెం బాధేసింది. అన్ని చేతులు తిరిగిన వస్తువు కదా అని.

నా మడిని కౌలుకు చేసిన ఆమె నాకంటే నాలుగేళ్లు చిన్న. వాళ్లమ్మ మా నాన్న దగ్గర నాట్లకు వచ్చేది. నడుము పట్టేసి భర్త బరువు పనులు మానుకున్నాక, సంసారమంతా ఆమె మీదే పడింది. పద్నాలుగేళ్లు నా భూమి ఆమె చేతుల్లోనే ఉంది. ఆదివారం చర్చికి వెళ్లే ముందు కూడా మడికి నీళ్లు కట్టి, కాళ్ల బురద కడుక్కుని, చీర మార్చుకుని వెళ్లేది. నన్ను అక్కా అని పిలిచేది. పంట వచ్చినా రాకపోయినా కౌలు మాట తప్పిన మనిషి కాదు.

తమ్ముడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ పెట్టాడు, నడవలేదు. మొబైల్ షాపు పెట్టాడు, నాలుగేళ్లు నడిచి ఆగింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఎవరో స్నేహితుడి ద్వారా ఈ కొత్త నాణేల సంగతి పట్టుకున్నాడు. చేత్తో ముట్టుకోలేని నాణేలు, కంప్యూటర్లు లెక్కలు చేస్తే పుట్టే నాణేలు. నేను రిటైరైన ఏడాది, వానాకాలం కోతలు అయిపోయాక, ఒక ఉదయం వచ్చి షెడ్డు అడిగాడు. పన్నెండు మిషన్లు కొనబోతున్నానని, పాతవే అయినా బాగా పనిచేస్తాయని, వాటికి చోటు కావాలని అన్నాడు.

ఆ రోజు మా వరండాలో జరిగిన మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. మిషన్లు ఏం చేస్తాయని అడిగాను. ప్రపంచమంతా ఉన్న మిషన్లన్నీ ఒకే లెక్క మీద కూర్చుంటాయని, ఎవరిది ముందు తేలితే నాణెం వాళ్లకు పడుతుందని చెప్పాడు. మాలాంటి చిన్నవాళ్లు గుంపుగా చేరి, వచ్చింది పంచుకుంటారట. మరి తేల్చలేకపోయిన వాళ్ల సంగతేంటని అడిగాను. వాళ్లు చేసినదంతా వృథానే, మళ్లీ కొత్త లెక్క మొదలుపెడతారు అన్నాడు. నవ్వాను. నవ్వి ఊరుకున్నాను. అక్కడే ఆగి ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది.

కరెంటు బాగా తాగుతాయట కదా అని మాత్రం అన్నాను. ఎక్కడో పేపర్లో చదివిన గుర్తు. దానికి తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు.

"నీ నోట్లు ఊరికే వస్తున్నాయా అక్కా? చెట్లు కొట్టి కాగితం చేయాలి, అచ్చేయాలి, తుపాకులు పెట్టుకుని వ్యాన్లలో మోయాలి. ఏటీఎంలో మనిషి ఉన్నా లేకపోయినా ఏసీ తిరుగుతూనే ఉంటుంది. మీ బ్యాంకు వెనక జనరేటర్ ఎంత డీజిల్ తాగిందో నువ్వే చూశావు. చివరికి పాత నోట్లను మళ్లీ మిషన్ పెట్టి కోయాలి. దీంట్లో అవేవీ లేవు."

చెట్లు కాదు, నోటు కాగితం పత్తితో చేస్తారు అని నేను సరిదిద్దాను. అంతకు మించి కాదనలేకపోయాను. వాడు చెప్పిన వ్యాను, జనరేటర్, ఏసీ అన్నీ నా కళ్ల ముందున్నవే. కరెంటు పోయిన ఎండాకాలపు మధ్యాహ్నాల్లో బ్యాంకు వెనక సందులో డీజిల్ పొగకు పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. కౌంటర్ ముందు జనం ఏటేటా తగ్గిపోవడం, కూరగాయల బండి మీద కూడా ఫోన్ చూపించి పైసలు ఇవ్వడం చూస్తూనే రిటైరయ్యాను. నేను జీవితమంతా చేసిన పని ఇక ఎవరికీ అక్కర్లేదనే దిగులు ఒకటి అప్పటికే లోపల ఉంది. కొత్తదాన్ని కాదంటే నేను పాతదాన్నవుతాననే సంకోచం కూడా ఉంది.

కరెంటు ఎక్కడ నుంచి తీసుకుంటావని చివరగా అడిగాను. షెడ్డుకు పాత మీటరు ఉంది కానీ, దాని మీద బిల్లు తడిసి మోపెడవుతుంది అన్నాడు.

"నీ మోటారు లైను ఉంది కదా. రైతు కరెంటు ఎలాగూ ఉచితం, రోజంతా ఉంటుంది. స్టార్టర్ డబ్బా నుంచి ఒక వైరు లాగితే చాలు. ఎంత వాడావని అడిగేవాడెవడు?"

అది దొంగతనమని నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క రూపాయి తేడా వచ్చినా దొరికేదాకా ఇంటికి వెళ్లని మనిషిని. అయినా సరే అన్నాను. రెండు వ్యాపారాలు పోగొట్టుకుని, నా ముందు కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్న తమ్ముడిని కాదనలేకపోయాను. అది ప్రేమే అనుకున్నాను అప్పుడు. అందులో సగం, నన్ను ఇంకా ఎవరో ఏదో అడుగుతున్నారనే సంతోషం.

మిషన్లు వచ్చాయి. బియ్యం డబ్బా అంత ఉంటుంది ఒక్కోటి. ముందు ఫ్యాను, వెనక ఫ్యాను. పన్నెండూ ఒకేసారి మొదలుపెట్టిన రోజు నేనూ వెళ్లాను. మాట వినపడలేదు. కోళ్లున్నప్పుడు కూడా ఆ షెడ్డులో రొద ఉండేది. అయితే అది మధ్యమధ్యలో సద్దుమణిగే రొద. ఇది ఒకటే పట్టున మోగే ఈల లాంటిది, పళ్ల లోపలికి వెళ్లేది. వెనక గోడకు పెట్టిన పెద్ద ఫ్యాన్ల నుంచి వేడిగాలి పొలం వైపు కొట్టేది. ఆ గాలికి ఎదురుగా ఉన్న వేప కొమ్మలు నెల తిరక్కుండానే గోధుమరంగుకు తిరిగాయి. ఎండలు ముదిరాక ఆ వేడి తట్టుకోలేక తమ్ముడు షెడ్డు గాలి వచ్చే వైపు గడ్డి తెరలు కట్టి, బోరు నీళ్లు వాటి మీద పడేలా పైపు వేశాడు. నా బోరే. ఆమె మడికి పారాల్సిన నీళ్లే.

ఆమె మొదటిసారి అడిగింది నాట్లు వేస్తున్నప్పుడు. బర్రె ఆ వైపు గట్టుకు రావడం లేదని, తాడు పట్టి లాగినా కాళ్లు తన్నిపెట్టి నిలబడుతోందని చెప్పింది.

"గా షెడ్డుల ఏం పెట్టిన్రక్కా? గంత సప్పుడేంది?"

కంప్యూటర్లు అన్నాను. తమ్ముడి ఆఫీసు పని అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. బ్యాంకులో పనిచేసిన మనిషి చెప్పిన మాట కదా.

సంక్రాంతి దాటాక వోల్టేజి పడిపోవడం మొదలైంది. పది మోటార్లకని పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద, మరో పది మోటార్లంత భారం షెడ్డు నుంచి పడుతోంది. అదీ రాత్రీపగలూ ఆగకుండా. మోటారు గురగురమంటుంది గానీ నీళ్లు ఎత్తదు. అలాగే నడిపించీ నడిపించీ ఆమె నడిపే మోటారు కాలిపోయింది. మరమ్మతు చేసేవాడు, ఈ వోల్టేజికి చిన్న మోటారు ఆగదు, పెద్దది పెట్టుకో అన్నాడట. చెవి కమ్మలు కుదువ పెట్టి పాత మోటారు ఒకటి, ముందుదానికంటే పెద్దది, తెచ్చి దించింది. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, మోటారు నాది కాబట్టి ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. పంట వచ్చినంక చూద్దాం లే అక్కా అంది. నాకప్పుడు కారణం తెలియదని చెప్పలేను. తెలుసుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను.

ట్రాన్స్‌ఫార్మర్ మొదటిసారి కాలింది ఫిబ్రవరి చివర్లో. రైతులంతా తలాకొంత వేసుకుని ట్రాక్టర్ మీద బాన్సువాడ తీసుకెళ్లి బాగుచేయించి తెచ్చారు. మూడు రోజులు పట్టింది. అప్పటికి మడులు కొంచెం తడి మీదున్నాయి కాబట్టి ఎవరికీ పెద్ద నష్టం కాలేదు. ఆ మూడు రోజులూ తమ్ముడు మాత్రం మా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మిషన్లు ఆగితే ఇంకెవరో లెక్క తేల్చేస్తారని వాడి ఫికర్.

రెండోసారి మార్చి చివర్లో కాలింది. వరి పాలు పోసుకునే సమయం. ఆ పది రోజులు నీళ్లు లేకపోతే గింజ తాలుగా మారుతుందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, షెడ్డులో కరెంటు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జనం ఉన్నారు, నువ్వొకసారి వెళ్లు, నీ మాట వింటారు అన్నాడు. వెళ్లాను.

ట్రాన్స్‌ఫార్మర్ కింద నూనె కారి నేల నల్లగా ఉంది. పదిమంది దాకా రైతులున్నారు. లైన్‌మన్ వచ్చి ఉన్నాడు. అతను నాకు బాగా తెలుసు. వాళ్ల నాన్న పింఛను కాగితాలకు కౌంటర్ దగ్గర ఎన్నోసార్లు సాయం చేశాను. అతను షెడ్డు వైపు చూసి, కోళ్లు పెట్టిన్రా మేడం అని అడిగాడు. లేదు, తమ్ముడు కంప్యూటర్లు పెట్టాడు, దానికి వేరే మీటరు ఉంది అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. మీటరు నిజంగానే ఉంది.

"మీరు చెప్తే ఇగ చూసేదేముంది మేడం" అన్నాడతను.

ఆ తర్వాత మాట మోటార్ల మీదికి మళ్లింది. ఎవరో అన్నారు, పెద్ద మోటారు దించింది ఎవరో అందరికీ తెలుసు కదా అని. ఇంకొకరు అందుకున్నారు. అది దించినాకే రెండుసార్లూ కాలిందన్నారు. ఆమె గుంపుకు కొంచెం ఎడంగా, చెంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. చిన్న మోటారు ఎందుకు కాలిందో చెప్పబోయింది. ఎవరూ విననివ్వలేదు. సొంత భూమి ఉన్నవాళ్లే చిన్న మోటార్లతో సర్దుకుంటుంటే కౌలుకు చేసేదానికి అంత మోటారు ఎందుకని ఒక పెద్దాయన అడిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

నేను నేల వైపు చూశాను. కారిన నూనెలో చీమలు అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట. షెడ్డు వైరు మా మోటారు లైను మీదే ఉంది అనే ఒక్క మాట. నోటి దాకా వచ్చిందని కూడా చెప్పలేను. రాలేదు. తమ్ముడు, పోలీసులు, రిటైరైన క్యాషియర్ దొంగ కరెంటు అనే మాట, ఇవే తిరిగాయి తలలో.

ట్రాక్టర్ కిరాయి మొత్తం ఆమే పెట్టుకోవాలని, పెద్ద మోటారు తీసేయాలని తీర్మానించారు. ఆమె సరేనంది. అదే రోజు మధ్యాహ్నం మోటారు బయటికి తీయించింది. ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసరికి ఎనిమిది రోజులైంది. మిగతావాళ్లలో కొందరికి కాలువ తడి కొంత అందింది, కొందరు డీజిల్ ఇంజన్లు పెట్టుకుని గట్టెక్కారు. ఆమెకు ఇంజన్ లేదు, కరెంటు వచ్చినా మోటారు లేదు. నేను ఇంజన్ కిరాయికి తెచ్చి పంపిస్తానన్నాను. తెచ్చేసరికి ఆరో రోజు. అప్పటికే ఆలస్యమైందని చెప్పి తిప్పి పంపింది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మడి దగ్గరికి వెళ్లాను. వెన్నులు నిటారుగా నిలబడి ఉన్నాయి. గింజ పట్టిన వెన్ను వంగుతుంది. ఒకటి తెంపి చేతిలో నలిపితే పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె, ఆమె భర్త ఆ పంటను బర్రె మేతకు కోస్తున్నారు. ఆయన నడుము పట్టుకుంటూ కోస్తున్నాడు. పక్కన షెడ్డులోంచి ఆ ఈల వస్తూనే ఉంది. కరెంటు తిరిగి వచ్చిన గంటలోనే తమ్ముడు మిషన్లు మొదలుపెట్టాడు.

ఆ రోజే వాడితో గొడవ పడ్డాను. ఆపెయ్ అన్నాను. వాడు ఫోన్‌లో గీతలు చూపించాడు. ఇంకో నాలుగు నెలలు ఆగితే పెట్టిన డబ్బు వస్తుందన్నాడు. ఆమె పంటకు పరిహారం తనే ఇస్తానన్నాడు.

"మన పన్నెండు ఆపితే ఏమవుతుంది అక్కా? ప్రపంచంలో లక్షల మిషన్లు తిరుగుతున్నాయి. బ్యాంకులన్నీ ఏసీలు ఆపేశాయా?"

ప్రపంచం లెక్క నాకు తెలియదు. నోట్లకు ఎంత ఖర్చవుతుందో, ఈ నాణేలకు ఎంతవుతుందో తూకం వేసి చెప్పే చదువు నాకు లేదు. బ్యాంకు కూడా పొగ వదిలింది, నిజమే. ఒకటే తేడా నాకు కనిపించింది, అదీ ఆలస్యంగా. నోటును ఒకసారి అచ్చేశాక అది ఏళ్ల తరబడి జేబుల్లో, కొంగుముడుల్లో తిరుగుతుంది. తిరగడానికి దానికి కరెంటు అక్కర్లేదు. మా షెడ్డులో ఉన్నవి మాత్రం ఓడిపోయిన లెక్కలకు కూడా గెలిచిన లెక్కలంతే తాగుతున్నాయి. ఎంత ఎక్కువమంది మిషన్లు పెడితే లెక్క అంత కష్టమవుతుందని వాడే చెప్పాడు. అంటే రేపు ఇదే నాణేనికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. ఇవన్నీ వాడికి చెప్పాను. వరండాలో కూర్చున్న రోజే చెప్పాల్సినవి.

వాడు వినలేదు. మర్నాడు నేను కరెంటు ఆఫీసుకు వెళ్లి, నా పేరు మీద ఉన్న మోటారు లైను నుంచి షెడ్డుకు వైరు లాగామని కాగితం మీద రాసిచ్చాను. లైన్‌మన్ అక్కడే ఉన్నాడు. నా ముఖం చూడకుండా కాగితం తీసుకుని లోపలికి వెళ్లాడు. జరిమానా కట్టాను. మిషన్లు ఆగాయి. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. ఆ ఎండాకాలంలోనే వాడి నాణేల ధర కూడా పడిపోయింది. మిషన్లు అమ్ముదామంటే, అంతకంటే తక్కువ కరెంటుతో పనిచేసేవి వచ్చాయి కాబట్టి వీటిని ఎవరూ కొనరన్నారట. చివరికి నిజామాబాద్ నుంచి పాత ఇనుము కొనేవాడు వచ్చి కిలోల లెక్కన తూచుకుని పోయాడు. బోర్డుల్లోని రాగి కోసం వాటిని ఎక్కడ కాలుస్తారో, ఆ పొగ ఎవరింటి మీదికి పోతుందో నేను అడగలేదు.

ఆఫీసులో రాసిచ్చాను గానీ, ఆమె దగ్గరికి వెళ్లలేదు. జూన్‌లో ఆమె భర్త వచ్చి, ఇక కౌలు చెయ్యమని చెప్పి వెళ్లాడు. అప్పుడైనా వెళ్లాల్సింది. వానలు పడ్డాయి, ఆ ఒక్క పంటకని ఇంకొకరు కౌలుకు దిగారు, వాళ్లు కోతలకు కూడా వచ్చారు. ఏడు నెలలు గడిపాను. వెళ్లకపోవడానికి రోజుకొక కారణం దొరికేది.

నవంబర్‌లో ఆమె మహారాష్ట్ర సరిహద్దు దగ్గర మద్నూర్‌లో ఒక పత్తి మిల్లులో పనిచేస్తోందని తెలిసి బస్సెక్కాను. హైవే పక్కన లారీలు బారుగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు మరాఠీలో ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. మిల్లు గేటు దగ్గర కబురు పంపితే, అన్నం తినే వేళకు బయటికి వచ్చింది. జుట్టు మీద, కనురెప్పల మీద దూది పోగులున్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చో అక్కా అని, టీ కొట్టు ముందున్న బల్ల చూపించింది.

నేను మొదలుపెట్టాను. షెడ్డు, వైరు, ఆ రోజు నేను మాట్లాడకపోవడం, అన్నీ వరుసగా చెప్పాలని బస్సులో అనుకున్నాను. వైరు అనే మాట దగ్గరే ఆమె ఆపింది.

"నాకు ఎర్కనే అక్కా. పెద్ద మోటారు దించిన దినమే డబ్బల చూసిన. నల్ల వైరు షెడ్డు దిక్కు పోయింది."

తెలిసి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగకూడని ప్రశ్న అని అడిగాక తెలిసింది.

"నేను చెప్తే ఎవరింటరు? భూమి నీది, మోటరు నీది. కౌలుదాని మాట మీద నీ ఇజ్జత్ తీస్తరా వాళ్లు? నువ్వే చెప్తవని చూసిన. నీ మొఖం దిక్కే చూసుకుంట నిలబడ్డ."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. పంట నష్టం, మోటారు డబ్బు, కమ్మలు విడిపించడానికి అయ్యేది తెచ్చానని సంచి ముందుకు జరిపాను. ఆమె సంచిని ఒళ్లోకి తీసుకుంది.

"ఇది తీసుకుంట. నా కష్టంది, ఎందుకు వద్దంట. గానీ ఇది దానికి కాదక్కా. గా దినం నన్ను పదిమందిల దొంగను జేసిన్రు. అది వేరే."

వేరే అని నాకూ తెలుసు. తలూపాను. టీ వచ్చాక ఆమే అడిగింది, ఇంతకూ ఆ మిషన్లు ఏం చేసినయి, ఇప్పుడన్నా చెప్పు అని. నాకు తోచినట్టు చెప్పాను. అందరూ ఒకే లెక్క చేస్తారని, ముందు తేల్చినవాళ్లకు నాణెం పడుతుందని, మిగిలినవాళ్ల పని పారేస్తారని. ఆమె టీ గ్లాసు పట్టుకుని శ్రద్ధగా విన్నది.

"మరి ఓడిపోయినోళ్ల కరెంటు వాపస్ వస్తదా?"

రాదన్నాను. ఎవరిది తేలినా తేలకపోయినా అది వేడిగా మారి బయటికి పోతుందన్నాను. మిల్లులో గంట కొట్టారు. లేచి, గ్లాసు కొట్టువాడికి ఇచ్చి, బస్సు ఎన్నింటికి ఉందో నాకు చెప్పి లోపలికి వెళ్లింది.

తిరిగి వచ్చిన వారం, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడ్డ రైతులందరినీ ఇంటింటికీ తిరిగి కలిశాను. కరెంటు ఆఫీసు నుంచి సంగతి అప్పటికే సగం పొక్కింది. అయినా నా నోటితో చెప్పాను, ఆమె తప్పేమీ లేదని, రెండుసార్లూ కాలింది మా షెడ్డు వల్లేనని. కొందరు తిట్టారు. కౌలుకు చేసేదానికి అంత మోటారు ఎందుకని ఆ రోజు అడిగిన పెద్దాయన నన్ను చూసి మంచం వాల్చాడు. మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. చివరికి, "గిప్పుడు చెప్పి ఏం ఫాయిదా బిడ్డా, ఆమె పోయినంక" అన్నాడు. తర్వాత ఆయనే మద్నూర్ వెళ్లి, తలాకొంత వేసుకుని ఆమెకు ట్రాక్టర్ కిరాయి తిరిగి ఇచ్చి వచ్చాడని విన్నాను.

తమ్ముడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు, మామూలు విషయాలే మాట్లాడాడు. వాడి ఫోన్‌లో ఆ నాణెంలో చిన్న ముక్క ఒకటి ఇంకా ఉందట. ధర పెరిగితే అమ్ముతానన్నాడు. అది పుట్టడానికి ఏమేం పోయాయో ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

క్రిస్మస్ రోజు నేను ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తింది. చలి గురించి, ఆమె భర్త నడుము గురించి, ఈసారి పత్తి లారీలు తక్కువగా రావడం గురించి మాట్లాడుకున్నాం. కమ్మలు విడిపించుకున్నానని చెప్పింది. ఈ యాసంగి పంటకు మళ్లీ వచ్చి పొలం చెయ్యమని అడగాలని ఫోన్ చేశాను నిజానికి. ఆమె నన్ను అక్కా అనే పిలిచింది, ఎప్పటిలాగే మర్యాదగా మాట్లాడింది. నాట్లు మొదలైనయా అని ఆమే అడిగింది. మొదలయ్యాయన్నాను. నీళ్లు బాగనే ఉన్నయా అంది. ఉన్నాయన్నాను. నేను అడగలేకపోయాను, ఆమె ఆ మాట తేలేదు. ఉంటనక్కా, చర్చికి పోవాలె అని ఫోన్ పెట్టేసింది.